నాలుగు గళ్ళలో పెద్దమ్మ పేరు

పోయిన నెల ఒక పొద్దున ఆఫీసుకు బయల్దేరి చెప్పులు వేసుకుంటుంటే చర్లపల్లి నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడింది పెద్దమ్మ తమ్ముడి కోడలు.

"అక్కా, మా పెద్దత్తమ్మ పోయింది. పొద్దుగాల చాయ్ తాగింది, ఇంకింత పొయ్యమన్నది. నేను గిన్నె తెచ్చేసరికి గోడకు ఒరిగి ఉన్నది. నిద్రవోయిందనుకున్న."

ఒక కాలికి చెప్పు ఉంది, ఇంకో కాలికి లేదు. అలాగే గడప మీద కూర్చుండిపోయాను. ఆమెకు ఎనభై దాటాయి. మంచం పట్టలేదు, ఎవరి చేతా చేయించుకోలేదు. అదృష్టవంతురాలు అని ఆ రోజంతా వచ్చినవాళ్ళు అంటూనే ఉన్నారు. ఇతరుల ఇళ్ళకు వెళ్ళినప్పుడు నేనూ ఇదే మాట అని వచ్చేదాన్ని. మన మనిషి పోయినప్పుడు అది వినడం ఎంత కష్టమో ఇప్పుడు తెలిసింది. ఇక మీదట ఎవరింట్లోనూ అనను.

పెద్దమ్మ మాకు చుట్టం కాదు. నాచారంలో మేం అద్దెకున్న ఇల్లు మూడు వాటాలది. ఒక చివర మేము, ఇంకో చివర రైల్వేలో పనిచేసే కుటుంబం, మధ్య వాటాలో ఆమె ఒక్కతే. భర్త పెళ్ళైన కొత్తలోనే పోయాడు, పిల్లలు లేరు. మా అమ్మ ఆమెను అక్కా అని పిలిచేది కాబట్టి నాకు పెద్దమ్మ అయింది. నాన్నది కారఖానాలో షిఫ్టుల పని. అమ్మకు నా తర్వాత పుట్టిన ఇద్దరు చెల్లెళ్ళతోనే పొద్దు గడిచిపోయేది. నేను బడి నుంచి వచ్చి సంచి మా ఇంట్లో పడేసి, పెద్దమ్మ వచ్చే వేళకు ఆమె గుమ్మం ముందు కూర్చునేదాన్ని. తాళం తీసేది ఆమె, లోపలికి ముందు దూరేది నేను.

ఆమె నాచారంలోనే ఒక కారఖానా డ్రాయింగ్ ఆఫీసులో ట్రేసర్. ఈ కాలం పిల్లలకు ఆ పనేమిటో చెప్పాలి. అప్పట్లో ఒక యంత్రం తయారు కావాలంటే ముందు డ్రాఫ్ట్స్‌మన్ దాని బొమ్మను పెన్సిల్‌తో గీసేవాడు. ఆ బొమ్మ మీద పల్చటి ట్రేసింగ్ కాగితం పరిచి, కింద కనిపించే ప్రతి గీతనూ సిరాతో దిద్దేది ట్రేసర్. ఆ సిరా కాగితం నుంచే ప్రింట్లు తీసి యంత్రాల దగ్గర పనిచేసేవాళ్ళకు ఇచ్చేవారు. వాళ్ళు దాన్ని చూసి ఇనుము కోసేవారు. ప్రతి కాగితానికీ కుడివైపు కింది మూలన నాలుగు గళ్ళుండేవి. గీసినవారు, ట్రేస్ చేసినవారు, సరిచూసినవారు, ఆమోదించినవారు. ఒక్కో గడిలో ఒక్కొక్కరి పేరు. పెద్దమ్మ పేరు రెండో గడిలో ఉండేది. ఇరవై ఏళ్ళకు పైగా రెండో గడిలోనే ఉంది.

ఆమె పౌడర్ ముఖానికి రాసుకోగా నేను చూడలేదు. చేతులకు రాసుకునేది. చెమట చేతులతో ముట్టుకుంటే ట్రేసింగ్ కాగితం మీద మరక పడుతుందట. డ్యూటీ లేని ఆదివారం కూడా స్నానం కాగానే అరచేతులకు పౌడర్ అద్దుకుని, అప్పుడు గుర్తొచ్చి నవ్వుకునేది. ఆమె చేసే ఉప్మా కూడా కొద్దిగా పౌడర్ వాసన వచ్చేది. నాకిప్పటికీ ఎవరింట్లో ఉప్మా తిన్నా ఏదో వెయ్యడం మరిచిపోయారనిపిస్తుంది.

ఇంకో అలవాటు ఊపిరి బిగబట్టడం. గీత మొదలుపెడితే అది ముగిసేదాకా ఊపిరి తీసేది కాదు. అది ఇంటి పనుల్లోకీ వచ్చేసింది. సూదిలో దారం ఎక్కించేటప్పుడు, సీసాలోకి నూనె పోసేటప్పుడు, లాలాపేటలో కూరగాయలు కొని ఆటోల మధ్య నుంచి రోడ్డు దాటేటప్పుడు ఊపిరి ఆపేసేది. అవతల చేరాక బుస్సుమని వదిలేది. నేను నవ్వితే, "గీత మొదలువెట్టినంక నడుమ ఆగొద్దు బిడ్డా. ఆగినకాడ సిరా బొట్టయితది" అనేది. రోడ్డుకూ అదే లెక్క ఆమెకు.

పాడైపోయిన ప్రింట్లు తెచ్చి నాకిచ్చేది. వెనకవైపు తెల్లగా ఉండేవి. దగ్గరగా పెట్టుకుంటే, ప్రింటు తీయడానికి వాడే అమ్మోనియా ఘాటుకు ముక్కు మండేది. వాటి మీదే నాకు గీయడం నేర్పింది. పువ్వులూ కొండలూ కాదు. చెంబు, తాళంకప్ప, పీట. ఒక వస్తువును ముందు నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి, పై నుంచి ఒకసారి గీయమనేది. రెండు వైపులా ఒకేలా ఉండేదాన్ని మొత్తం గీయక్కర్లేదని కూడా ఆమే చెప్పింది. సగం గీసి, అంచున మధ్యగీత పెడితే చాలు. ఒక పెద్ద ముక్క, ఒక చిన్న ముక్క, మళ్ళీ ఒక పెద్ద ముక్క, అదీ మధ్యగీత. దాన్ని చూసిన పనివాడు అవతలి సగం కూడా ఇలాగే ఉంటుందని తెలుసుకుంటాడు. ఆమె నేర్పినవాటిలో నాకు అన్నిటికంటే నచ్చింది అదే. ఎందుకు నచ్చిందో చెప్పాలంటే నా కన్ను సంగతి చెప్పాలి.

నాకు పుట్టుకతో మెల్లకన్ను. కుడి కన్ను ఎదుటి మనిషిని చూస్తే ఎడమ కన్ను ఆ మనిషి పక్కనున్న గోడను చూసేది. ఇంట్లో అదృష్టం అనేవారు. బడిలో మాత్రం నా పేరు ఉప్పల్-మౌలాలి. మా నాచారానికి ఉప్పల్ ఒక దిక్కు, మౌలాలి ఇంకో దిక్కు. ఒక కన్ను అటు, ఒక కన్ను ఇటు అని. ఆ పేరు పెట్టినవాడికి తెలివి ఉందని ఇప్పుడైతే ఒప్పుకుంటాను. అప్పుడు మాత్రం ఫొటో అంటే పారిపోయేదాన్ని. అద్దంలో పాపిడి చూసుకునేదాన్ని, ముఖం చూసుకునేదాన్ని కాదు.

ఏడో తరగతిలో ఉండగా బడి వార్షికోత్సవానికి గోడల నిండా పిల్లల బొమ్మలు పెట్టాలనుకున్నారు. మాకు డ్రాయింగ్ సార్ లేడు కాబట్టి సైన్సు సారే బోర్డు మీద విషయం రాశాడు. ఊహలో నేను. "ఎవరి బొమ్మ వాళ్ళు గీసుకోవాలె. ఉన్నది ఉన్నట్టు వద్దు. మీ ఊహల మీరు ఎట్లుంటరో గట్ల గియ్యున్రి" అన్నాడు. గంట కొట్టేసరికే మా తరగతిలో సగం మంది డాక్టర్లు, మిగతా సగం పైలట్లు అయిపోయారు.

నేను మూడు రోజులు పెద్దమ్మ గదిలో గోడ వైపు తిరిగి కూర్చుని గీశాను. ఒక జడ, ఒక చెవి, చెవికి లోలాకు, ఒక కన్ను, సగం ముక్కు, సగం నోరు. అంచున నుదుటి నుంచి గడ్డం దాకా పెద్ద ముక్క, చిన్న ముక్క, పెద్ద ముక్క. ఒక్క కన్నే ఉన్నప్పుడు మెల్ల ఎక్కడి నుంచి వస్తుంది? ఇంత తెలివి ఇంకెవరికీ ఉండదనుకున్నాను.

ఆదివారం పొద్దున పెద్దమ్మ వచ్చి కాగితాన్ని కిటికీ వెలుతురులో పెట్టి చూసింది.

"మధ్యగీత మంచిగ వచ్చింది" అంది.

నేను పొంగిపోయాను.

"గానీ బిడ్డా, మధ్యగీత వెట్టినమంటే మాట ఇచ్చినట్టు. అవతల గూడ గిట్లనే ఉన్నదని. అవతలి కన్ను గిట్లనే ఉన్నదా?"

"సార్ ఊహ అన్నడు గదా. నా ఊహల గిట్లనే ఉన్నది."

"మరి ఊహలనన్న రెండో కన్ను గియ్యకపోతివి."

అంతే, నాకు ఏడుపు ఆగలేదు. నిజం చెప్పేశాను. "గీసిన పెద్దమ్మా. మూడు సార్లు గీసి తుడిపిన. ఎట్ల గీసినా అది పక్కకే పోతున్నది. తిన్నగ చూసేది నాకు గియ్యస్తలేదు."

ఆమె నన్ను దగ్గరికి తీసుకుంటుందనుకున్నాను. తీసుకోలేదు. అటువంటివి ఆమెకు రావు. లేచి వెళ్ళి పెట్టెలోంచి ఒక ట్రేసింగ్ కాగితం ముక్క తెచ్చింది. తప్పు పడిన సిరాను బ్లేడుతో గీకేసిన చోటు దాని మీద ఉంది. దాన్ని వెలుతురుకు పట్టుకుని చూపించింది.

"సూడు. గీకినకాడ కాగితం పల్చనైంది. ఈడ మళ్ళ సిరా పెడితే పరుసుకుంటది, నిలువది. ఊహ అంటే ఉన్నదాన్ని గీకేసుడు కాదు. ఉన్నదానికి లేనిది కలుపుడు."

"అయితే నువ్వు గియ్యి నీది" అన్నాను ముక్కు తుడుచుకుంటూ.

పెద్దమ్మ నవ్వింది. నేను ఎన్నిసార్లు అడిగినా సొంతంగా బొమ్మ గీసేది కాదు. "నాకు కింద ఏమన్న ఉంటెనే చెయ్యి నడుస్తది" అనేది. ఆ రోజు మాత్రం ఒక పెద్ద ప్రింటు తిరగేసి పరిచి, చేతులకు పౌడర్ అద్దుకుని, కూర్చుంది. నేను ఆమె మోచేతి దగ్గర నిలబడి ఊపిరి బిగబట్టాను. ఆమె కాగితం నడుమకు పోలేదు. కుడివైపు కింది మూలకు వెళ్ళింది. అక్కడ స్కేలు పెట్టి నాలుగు గళ్ళు గీసింది. గీసినవారు, ట్రేస్ చేసినవారు, సరిచూసినవారు, ఆమోదించినవారు. నాలుగు గళ్ళలోనూ తన పేరే రాసింది. పొట్టి సంతకం కాదు, ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, ముత్యాల్లాంటి అక్షరాలతో. రాసి పెన్ను పక్కన పెట్టేసింది.

"బొమ్మేది పెద్దమ్మా?"

"ఇదే నేను."

"మరి పైనంత ఖాళీగున్నది గదా."

"ఉండనీ. అదెప్పుడన్న గీసుకుంట."

ఆ కాగితాన్ని ఆమె చాలాసేపు అలా చూస్తూ ఉంది. ఒక మనిషి తనకేం కావాలో ఇంకొకరికి చూపించడం అంటే ఏమిటో పన్నెండేళ్ళ నాకు తెలియదు. నాలుగు గళ్ళలో ఒకటే పేరు ఉండడం తప్పు గదా అని మాత్రం అన్నాను. "తప్పే" అని, కాగితం మడిచి బీరువాలో చీరల కింద పెట్టింది.

తర్వాత నా బొమ్మ సంగతి చూశాం. నన్ను డాబా మీదికి తీసుకెళ్ళింది. "ఆ పోరగాండ్లు నిన్ను ఉప్పల్-మౌలాలి అంటరు గదా. గవ్వే గియ్యి. అందరికి ఒక్క దిక్కే కనవడతది. నీకు రెండు దిక్కులు కనవడతయని గియ్యి." డాబా మీద నుంచి మౌలాలి గుట్ట, దాని మీద తెల్లగా దర్గా, కింద రైలు పట్టాలు కనిపించేవి. అటు తిరిగితే ఉప్పల్ రోడ్డు. నేను ముఖం మొత్తం గీశాను. రెండు కళ్ళూ పెద్దవిగా, కాగితంలో సగానికి పైగా. కుడి కంట్లో ఉప్పల్ చౌరస్తా, బస్సులు, పూల బుట్టలతో ఆడవాళ్ళు. ఎడమ కంట్లో మౌలాలి గుట్ట, మెట్లెక్కుతున్న మనుషులు, పట్టాల మీద రైలు. కళ్ళు ఎటు పోవాలో అటే పోయాయి. ఈసారి ఒక్కసారి కూడా తుడపలేదు. బతుకులో అంత సంతోషంగా నేనింకేదీ గీయలేదు. దాన్ని కింద పెట్టి చూసుకున్నప్పుడు, నా ముఖాన్ని మొదటిసారి నేను తేరిపార చూశాను.

పెద్దమ్మ అన్నీ సరిగానే ఆలోచించింది, ఒక్కటి తప్ప. బడి పిల్లల సంగతి ఆమెకు తెలియదు.

మర్నాడు సారు నా కాగితం పైకెత్తి చూపించగానే అందరూ మెడలు సాచి చూశారు. తర్వాత ఎవరో వెనక బెంచీ నుంచి "సార్, ఉప్పల్-మౌలాలి వచ్చింది సార్" అన్నారు. ఇక ఆగలేదు. బల్లలు కొట్టి మరీ నవ్వారు. సారు మంచివాడే, ఆయనకూ నవ్వు ఆగలేదు. మస్తుగా గీసినవని మెచ్చుకుని, అందరికీ కనిపించాలని వాకిలి పక్కనే అంటించాడు. వార్షికోత్సవానికి వచ్చిన తల్లిదండ్రులు కూడా దాని ముందు ఆగి, బొమ్మ చూసి, పక్కన నిలబడ్డ నన్ను చూసి, నవ్వుకుంటూ లోపలికి పోయారు. అంతకు ముందు ఆ పేరు మా తరగతి వరకే ఉండేది. ఆ రోజుతో బడి మొత్తానికి తెలిసిపోయింది.

వార్షికోత్సవం అయిపోయి ఇంటికి వచ్చేసరికి పెద్దమ్మ నల్లా దగ్గర చేతులు కడుక్కుంటోంది. "ఏమన్నరు బిడ్డా?" అంది ఆశగా. ఆ ఆశే నన్ను మండించింది.

"నీకేం తెలుసు గీసుడు?" అన్నాను. "ఎవరో గీసినదాని మీద కాగితం పెట్టి దిద్దుతవు. అంతే గదా నీ పని. నాలుగు గళ్ళల్ల పేరు రాసుకుంటే అయితదా? నీ పేరు ఎప్పటికి రెండో గళ్ళనే ఉంటది."

అమ్మ లోపలి నుంచి వచ్చి నా వీపు మీద ఒకటి వేసింది. రైల్వే వాళ్ళావిడ గుమ్మంలోకి వచ్చి చూస్తోంది. పెద్దమ్మ నల్లా కట్టేసి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"కొట్టకు చెల్లే. పిల్ల అన్నదాంట్ల అబద్ధమేమున్నది" అంది.

ఎక్కడ కొడితే తగులుతుందో చూసి మరీ కొట్టాను. ఆమె తన కాగితం నాకొక్కదానికే చూపించింది. నేను దాన్ని నల్లా దగ్గర అందరి ముందూ పరిచాను. ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా చెవులు వేడెక్కుతున్నాయి.

ఆమె అలిగే మనిషైతే ఎంత బాగుండేది. మర్నాడు మామూలుగానే తాళం తీసింది, మామూలుగానే ఉప్మా పెట్టింది. ప్రింట్లు కూడా తెచ్చింది. ఒక్కటే మారింది. నా బొమ్మలు దిద్దడం మానేసింది. అంతకు ముందు ఏది చూపించినా, గీత ఇక్కడ దొడ్డయింది, మూల ఇక్కడ కలవలేదు అని వేలు పెట్టి చూపేది. ఆ తర్వాత ఏది చూపించినా ఒక్క మాటే. "మంచిగున్నది." వంకర గీతకూ మంచిగున్నది, తిన్నటి గీతకూ మంచిగున్నది. పాలిటెక్నిక్‌లో చేరి మొదటి మెషిన్ డ్రాయింగ్ తెచ్చి చూపించినప్పుడు కూడా అంతే. మధ్యగీత ఒకచోట చిన్నదైపోయింది. ఆమె చూపు సరిగ్గా అక్కడే ఆగడం నేను చూశాను. నోరు తెరిచి, మూసుకుని, "మంచిగున్నది" అంది. మర్నాడు లెక్చరర్ అక్కడే ఎర్ర సున్నా చుట్టింది.

నేను క్షమాపణ చెబితే అయిపోయేది. ఏడేళ్ళు చెప్పలేదు. రోజూ కలిసే మనిషికి ఆ ఒక్క మాట చెప్పడానికి ఇవాళ కాదు రేపు అనుకుంటూ ఏడేళ్ళు గడిచిపోతాయని ఎవరైనా చెబితే నేను నమ్మేదాన్ని కాదు. ఈ లోపు వాళ్ళ డ్రాయింగ్ ఆఫీసుకు కంప్యూటర్లు వచ్చాయి. చెక్క బోర్డులన్నీ షెడ్డులోకి చేరాయి. పెద్దమ్మను పాత కాగితాలు సర్దే పనిలో వేశారు. ఆ సాయంత్రం మా అమ్మతో చెబుతోంది, "ఇగ పైన కాగితం పెట్టే పనే లేదట చెల్లే." నేను పక్కనే బియ్యం ఏరుతున్నాను. అది నా మాటే అని నాకు తెలుసు. ఆమెకు తెలిసే అందో, తెలియక అందో. తల ఎత్తకుండా రాళ్ళు ఏరాను.

తర్వాత మళ్ళీ దిద్దడం మొదలుపెట్టింది. అది ఎట్లా మొదలైందో చెబుతాను. ముందు ఒకటి చెప్పాలి, ఎందుకంటే ఈ నెల రోజులుగా నన్ను తింటున్నది అదే. మొదలుపెట్టాక ఆమె చివరిదాకా ఆపలేదు. రిటైరై చర్లపల్లి తమ్ముడి ఇంటికి వెళ్ళాక కూడా, నేను కంప్యూటర్ మీద గీసిన బొమ్మల ప్రింట్లు తీసుకుని పోయేదాన్ని. డెబ్భై అయిదేళ్ళ వయసులో అద్దాలు ముక్కు మీదికి జార్చి, వేలితో గీతల వెంట పోయేది. "ఈడ నీ మిషిను తప్పు చేసింది" అనేది. మిషిను కాదు పెద్దమ్మా, నేనే అంటే, "నువ్వు చెయ్యవు" అనేది. నిరుడు రెండు సార్లు వెళ్ళాలనుకుని వెళ్ళలేదు. ప్రింట్లు సంచిలో పెట్టుకున్నాను కూడా. ఇప్పుడు నా పని అందరికీ నచ్చుతుంది. ఆఫీసులో ఎవరూ వేలు పెట్టి ఇక్కడ తప్పింది అనరు. ఆ వేలు కావాలి నాకు. ఆ పౌడర్ వేలు ఒక్కసారి నా కాగితం మీదికి వచ్చి ఆగితే చాలు.

పందొమ్మిదేళ్ళప్పుడు నా కంటికి ఆపరేషన్ అయింది. కాలేజీలో కళ్ళ పరీక్ష చేసిన డాక్టరు, ఇది సరిచేయొచ్చు, సర్కారు దవాఖానాకు రమ్మంది. అమ్మ భయపడింది. నాన్నకు సెలవు దొరకలేదు. పెద్దమ్మ రెండు రోజులు సెలవు పెట్టి, సంచిలో నా బట్టలు సర్దుకుని వెంట వచ్చింది. వార్డులో నా మంచం పక్కన నేల మీద చాప పరుచుకుంది. మర్నాడు పొద్దున కట్టు విప్పారు. అద్దం ఇచ్చారు. కళ్ళు తిన్నగా ఉన్నాయట. నాకు అద్దాలే రెండు కనిపించాయి.

"కొన్ని దినాలు అన్నీ రెండుగా కనబడతయి. పరేషాన్ కావొద్దు. నీ రెండు కండ్లు ఇంతకాలం కలిసి పనిచెయ్యలే, ఇప్పుడు నేర్చుకోవాలె" అని డాక్టరు చెప్పింది.

బస్సు మారడానికి ఉప్పల్ చౌరస్తాలో దిగాం. మిట్టమధ్యాహ్నం. ఎటు చూసినా జంటలు. రెండు సోడా బండ్లు, రెండు ఎడ్లబండ్లు, ఇద్దరు పోలీసులు కలిసి ఒకే చెయ్యి ఊపుతున్నారు. నన్ను స్టాపులో రేకుల షెడ్డు కింద నిలబెట్టి, నాచారం బస్సు ఎప్పుడుందో అడిగి వస్తానని పెద్దమ్మ వెళ్ళింది. తిరిగి వచ్చేటప్పుడు ఇద్దరు పెద్దమ్మలు వచ్చారు. అదే ఆకుపచ్చ చీర, అదే సంచి, అదే నడక. ఇద్దరి మధ్య ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉంది. నా ముందుకు వచ్చి ఆగారు.

ఏడేళ్ళు ఆమె ముఖం చూసి చెప్పలేకపోయాను. ఇద్దరిలో ఎవరు నిజమో తెలియకపోయేసరికి ధైర్యం వచ్చిందో, నా కోసం నేల మీద పడుకుని నడుము పట్టేసిన మనిషి అట్లా నిలబడితే సిగ్గేసిందో. ఎడమవైపు పెద్దమ్మను చూస్తూ చెప్పేశాను.

"పెద్దమ్మా, నీ పేరు ఎప్పటికి రెండో గళ్ళనే ఉంటదని అన్న. గట్ల అనొద్దుండె. తప్పయింది. నువ్వు దిద్దకపోతే నాకు గీసినట్టే ఉంటలేదు."

ఆమె తల తిప్పి నేను చూస్తున్న వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు. ఎండ, రేకుల షెడ్డు స్తంభం, అంతే. సంచి ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుని, రెండడుగులు పక్కకు వేసి, నేను చూస్తున్న చోటుకు వచ్చి నిలబడింది.

"ఇగో, ఈడున్న. ఇప్పుడు చెప్పు."

మళ్ళీ మొదటి నుంచీ చెప్పాను. ఒక్క మాట వదలకుండా.

"ఇంకా నీకాడనే ఉన్నదా బిడ్డా ఆ మాట" అంది.

కానీ ఆమె జరిగితే ఇద్దరూ జరిగారు. నా చూపు మళ్ళీ ఖాళీలోనే పడింది. ఆమె అది చూసింది. ఇంకో అడుగు వేసి అక్కడికి వచ్చింది. నేను మళ్ళీ తప్పాను, ఆమె మళ్ళీ జరిగింది. నాచారం బస్సు వచ్చి ఆగేదాకా, ఆ ఎండలో, నేను ఎక్కడ చూస్తే అక్కడికి ఒక్కో అడుగు వేస్తూనే ఉంది.